ముందు మైకు, తర్వాత శాలువా

బాలాత్రిపురసుందరిగారికి అనిల్ సన్మానం చేస్తాడట! వినగానే నాకు ఒళ్లు మండింది. ఆవిడ ఎడిటరుగా ఉన్న ‘కంప్యూటర్ సంత’ మాసపత్రికను ముంచింది వాడే. ఇప్పుడు హైటెక్ సిటీలో అద్దాల మేడ కట్టి శాలువా కప్పుతానంటున్నాడు. నేను తిరుపతిని, ఆ పత్రికకు పేజీలు పెట్టినవాణ్ణి. నాకు మండకపోతే ఎవరికి మండుతుంది?

అప్పట్లో మూసాపేటలో రెండు గదుల ఆఫీసు మాది. ఏ కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్ గురించి రాయాలన్నా ఆవిడ ముందు అక్కడ విద్యార్థిగా చేరేవారు. నూనె రాసిన జడ, చేతిలో టిఫిన్ డబ్బా, కాకినాడ మాట. ఎవరికీ అనుమానం రాదు. అలాగే అనిల్ సెంటర్లో చేరారు. అక్కడ కంప్యూటర్లు తాళం వేసిన గదిలో ఉన్నాయి, దసరా పూజ నాటి పూలదండలు కూడా తీయకుండా. పిల్లలేమో అట్టముక్క మీద గీసిన కీబోర్డుపై వేళ్లు ఆడిస్తున్నారు. ఆవిడ ఉన్నదున్నట్టు రాసేశారు.

మా పత్రిక వెనక అట్ట మీద ప్రకటన అనిల్‌దే. యజమాని వెంకటనారాయణ బతిమాలాడు.

"ఈ ఒక్క నెల జర మంచిగ రాయమ్మా. పత్రిక బతుకుతది."

"అబద్ధంతో బతికించడం నా వల్ల కాదండీ."

ఆయన వ్యాసం తీసేయమన్నాడు. ఆ చోట ఇంకేదీ పెట్టొద్దని ఆవిడ అన్నారు. నేను ఆవిడ మాటే విన్నాను. ‘అనిల్ సెంటర్లో ఏం నేర్పుతున్నారు?’ అన్న శీర్షిక కింద పేజీ అంతా తెల్లగా వెళ్లింది. అనిల్ ప్రకటన ఆపేశాడు, మిగతావాళ్లనూ ఆపించాడు. పత్రిక మూతపడింది. ఆ వ్యాసం ఎవరూ చదవలేదన్నదే ఆవిడకు ఇప్పటికీ కడుపుమంట.

"ఆ సన్మానానికి పోవద్దు మేడమ్," అన్నాను. "శాలువా కప్పించుకున్నంక తిట్టనీకి నోరొస్తదా? గందుకే కప్పుతుండు వాడు."

"నాకు తెలుసు తిరుపతీ. నువ్వూ రా."

సభలో తెర మీద మా పాత ముఖచిత్రాలు వేశారు. ‘మా ఎదుగుదలకు తోడైన పత్రిక’ అట! పళ్లు కొరుక్కున్నాను. అనిల్ శాలువా మడత విప్పాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగండి. ముందు మైకు, తర్వాత శాలువా."

అచ్చుకాని వ్యాసం మొత్తం చెప్పారు. అట్టముక్కలు, పూలదండలు, కంప్యూటర్ ముట్టుకోకుండానే సర్టిఫికెట్ పట్టుకెళ్లిన పిల్లలు, ఏదీ వదల్లేదు. చివరి వరుసలో ఒక్కడే చప్పట్లు కొట్టాడు. నేనే, ఇంకెవరు?

అనిల్ శాలువా పట్టుకుని కొయ్యబారిపోయాడు. ఆవిడ మైకు పక్కన పెట్టి, పైట సర్దుకుని, వాడి ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"నాది అయిపోయిందండీ. ఇప్పుడు కప్పండి."