నలుగురికి మూడు కప్పులు

బేరం కుదిరితే త్సాయ్ గారి చాకచక్యం, చెడితే సూయున్ తప్పుగా చెప్పింది. చైనాలోని చావోఝౌలో, మా పింగాణీ బట్టీలో ఏళ్ల తరబడి ఇదే తీరు. దుబాసీ వెంగ్ సూయున్ ఆ నింద నోరెత్తకుండా మోసింది. "మాటలు మార్చి చెప్పు చాలు, నీ తెలివి కలపకు" అనేవాడు యజమాని త్సాయ్.

మొన్న వసంతంలో డచ్ వ్యాపారి హెండ్రిక్ వచ్చాడు. అతను సరుకు కొనకపోతే రెండో బట్టీ ఆరిపోతుంది. దానితోపాటే సూయున్ కొలువూ పోతుంది.

టీ బల్ల చుట్టూ నలుగురు: త్సాయ్, ఆయన పినతండ్రి, హెండ్రిక్, సూయున్. పళ్లెంలో మూడే కప్పులు. మా ఊళ్లో ఎందరున్నా మూడే. ఒకరు తాగాక మరిగే నీళ్లతో కడిగి ఇంకొకరికి పోస్తాం. పినతండ్రి తాగిన కప్పు కడిగి తనకు పోయగానే హెండ్రిక్ దాన్ని పక్కకు జరిపాడు.

"కప్పులమ్మేవాళ్లకి నాలుగో కప్పు లేదా?" అని ఇంగ్లీషులో నవ్వాడు.

కప్పు జరపడం చూసి త్సాయ్ మొహం మాడిపోయింది. "మన ఎంగిలి దొరగారికి పనికిరాదటా? వీళ్ల తాతలు మన తాతల్నీ ఇట్టాగే చూశారు. సరుకు లేదని చెప్పు, సూయున్."

"చెప్పనండీ. ముందు నా మాట వినండి. వాళ్లింట్లో ఎవరి కప్పు వాళ్లది. తనకంటూ ఒకటి లేకపోతే, తనని లెక్కచెయ్యలేదనుకుంటాడు."

తర్వాత హెండ్రిక్ వైపు తిరిగింది. "కప్పు పంచుకుంటే మీరు మా ఇంటిమనిషని అర్థం. ఓడలేసుకొచ్చి పెత్తనం చేసినవాళ్ల కథ ఇక్కడ పిల్లలకీ తెలుసు. మీ నవ్వులాట పోయి ఆ పుండు మీద తగిలింది."

"మా పేపర్లన్నీ చైనావాళ్లని నమ్మొద్దనే రాస్తాయి. నాకంటూ కప్పు కనపడకపోయేసరికి నేనూ అదే అనుకున్నా" అని హెండ్రిక్ కప్పు దగ్గరికి లాక్కుని తాగేశాడు.

పినతండ్రి కిసుక్కున నవ్వాడు. "ఇప్పుడది కడిగి ఈ పిల్లకి పొయ్యరా. ఇన్నేళ్లూ వాగించడమే గానీ, దీని గొంతు తడిపిందెప్పుడు?"

"ఇలాంటివి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?" అన్నాడు త్సాయ్, టీ పోస్తూ.

"తెలివి కలపొద్దన్నారుగా."

హెండ్రిక్ కొంటాడనుకున్నదాంట్లో సగమే కొన్నాడు. అయినా రెండో బట్టీ మండుతోంది. సూయున్ ఇప్పుడు టీ పోసే త్సాయ్ పక్కనే కూర్చుంటోంది.

చైనా ఇలా అంది, పడమటి దేశాలు అలా అన్నాయి అని చదివినప్పుడు, ఆ మాట ఏ పాత గాయంలోంచి, ఏ భయంలోంచి వచ్చిందో అడగండి. మధ్యన కూర్చున్న మనిషిని నోరు విప్పనివ్వమని మీ పత్రికలకు రాయండి. అలాంటి మనిషి మీ బల్ల దగ్గరే ఉంటే, ఈ పూట మొదటి కప్పు వాళ్లకివ్వండి.