చివరి మనిషి లోపలికి వచ్చేదాకా

హైదరాబాదుకు పడమట, ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ రాళ్ల నేల మీద, ఒక పాటను ఒంటరిగా కాపాడినవాణ్ణి నేను. ఆ ఉదయం నేను గిటారు తీగ మీటకపోతే ఊరి ముసలి పాటగాళ్లు తమ చాప చుట్టుకుని గోడ వారకు పోయేవారు. మా సంఘం కొత్త ప్రార్థన మందిరంలో తర్వాత ఎన్నో ఏళ్లు డప్పు మోగిందంటే అది నా చలవే. ఈ మాట పెళ్లిళ్లలో చెప్పాను, నా రిటైర్మెంటు సభలో చెప్పాను, మనవలకు అన్నం తినిపిస్తూ చెప్పాను. చెప్పినప్పుడల్లా గిటారు కాస్త పెద్దదైంది, జనం కాస్త పెరిగారు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. నోటితో చెప్పింది గాలికి పోతుంది. రాసింది మా ఆవిడ చదువుతుంది.

డెబ్బైల మొదట్లో కోస్తా నుంచి వచ్చి, శేరిలింగంపల్లి అవతల ఒక కర్మాగారంలో ఫిట్టరుగా చేరాను. క్వార్టర్లు ఇంకా లేవలేదు. పక్క ఊళ్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఆదివారం ఆరాధన ఊరి చివర రేకుల షెడ్డులో జరిగేది. ఎండాకాలం అందులో ప్రసంగం దానంతటదే పొట్టిదయ్యేది, వానాకాలం అసలు వినబడేది కాదు. సంఘంలో సగం మంది మాలాంటి కర్మాగారం మనుషులు. మిగతా సగం ఊరివాళ్లు, ఖాజాగూడ వైపు గుట్టల్లో రాయి కొట్టేవాళ్లు.

పాట మాత్రం పూర్తిగా ఊరివాళ్లదే. అందరికంటే ముందు ఒక ఈత చాప పరిచి ఉండేది. దాని మీద ఏడెనిమిది మంది ముసలివాళ్లు కూర్చునేవారు. డప్పు పట్టుకున్న తాత ఒక వరుస ఎత్తుకుంటే చాప మీదివాళ్లు అందుకునేవారు, వాళ్ల నుంచి వెనకున్న సంఘమంతా అందుకునేది. చదువు రాదు, పుస్తకం అక్కర్లేదు. పాట ముందు నుంచి వెనక్కి చేతులు మారుతూ పోయేది. తాత భార్య చాప చివర కూర్చుని తాళాలు వేసేది. ఆమెను అందరూ అవ్వ అనేవాళ్లు. ఒక కాలు ఈడ్చి నడిచేది. ఆమెకు తోడుగా చెల్లెలి మనవరాలు ఒకతె ఎప్పుడూ పక్కనే ఉండేది. ఆ పిల్లే ఇప్పుడు నా భార్య. అందుకే మొదటే జాగ్రత్త పడ్డాను.

కొత్త మందిరం కట్టారు. రాయి ఊరివాళ్లే కొట్టి ఇచ్చారు. గోడలు లేచి కప్పు పడే వేళకు గొడవ చాప మీదికి వచ్చింది. మా సంఘ పెద్ద కర్మాగారంలో ఫోర్‌మన్, మా కోస్తా మనిషే. ఆదివారం కూడా బూట్లు మెరుస్తూ ఉండేవి. షెడ్డు తాళంచెవి ఆయన నడుముకే వేలాడేది. పాస్టరుగారి ముందు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"చూడండి, ప్రతిష్ఠకు పట్నం నుంచి పెద్దలు వస్తారండి. శవాల ముందు కొట్టే డప్పు అక్కడేం బాగుంటుంది? మన కుర్రాళ్లకు హార్మనీ పెట్టె ఉంది, గిటారు ఉంది. ముసలివాళ్లు హాయిగా వెనక కూర్చుని వింటారు."

తాత డప్పును ఒళ్లోకి లాక్కున్నాడు.

"అయ్యా, గా గోడల రాళ్లు కొట్టిన చేతులే ఈ డప్పు కొడుతున్నయి. రాళ్లు లోపలికి పోయినయి. మేము బయట కూసోవాల్నా?"

పాస్టరుగారు మెత్తని మనిషి. ఎవరినీ కాదనలేక మధ్యే దారి ఒకటి చెప్పారు. ప్రతిష్ఠ రోజున షెడ్డు నుంచి కొత్త మందిరానికి ఊరేగింపుగా వెళ్తాం కదా, ఆ పాట ముసలివాళ్లూ కుర్రవాళ్లూ కలిసి పాడండి. అది బాగుంటే కొత్త మందిరంలోనూ చాప ముందే ఉంటుంది. లేకపోతే పెద్దాయన చెప్పినట్టే. సంఘ పెద్ద ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు.

"పాటకు ఒక అదుపుండాలండి. పెద్దల ముందు అరగంట సాగదీస్తే నవ్వుతారు."

ఆ కుర్రవాళ్లు ముగ్గురం. ఒకడు హార్మనీ, ఒకడు చిన్న డ్రమ్ములు, నేను గిటారు. సికింద్రాబాదు రైల్వే క్వార్టర్లలో ఒకాయన దగ్గర నేర్చుకున్నాను. పన్నెండు కార్డ్స్, అంటే స్వరమేళాలు, వచ్చని ఊళ్లో చెప్పుకున్నాను. వచ్చినవి మూడు.

సాధన ఆదివారం మధ్యాహ్నం, గుట్ట నీడలో. మొదటి రోజు తాత గడ్డి మంట వేసి డప్పు కాపుతున్నాడు. వేడికి చర్మం బిగిసి, వేలు తగిలితే ఖంగుమంటోంది. నేను గిటారు తీగలు తిప్పుకుంటూ కూర్చున్నాను. తిప్పి తిప్పి నాకే విసుగొచ్చింది.

"ఏం పిల్లగా, పొద్దుగూకేదాంక చెవులు పిండుతనే ఉంటవా దానికి?"

"శ్రుతి చేస్తున్నానండి తాతగారూ."

"ఇగో, మంట ఆరలే. జర దాన్ని గూడ కాపు, మాట వింటది."

చాప మీదివాళ్లంతా నవ్వారు. నాకు పౌరుషం వచ్చి నిజంగానే గిటారును మంట దగ్గరికి తీసుకుపోయాను. తీగలన్నీ ఒక్కసారి వదులైపోయాయి. ఆ రోజంతా మళ్లీ శ్రుతి కుదరలేదు.

అసలు చిక్కు అది కాదు. తాత ఇవాళ ఎత్తుకున్న శ్రుతిలో రేపు ఎత్తుకోడు, గొంతు ఎక్కడ ఉంటే అక్కడే పాట. మొదట నెమ్మదిగా నడిచే పాట పోను పోను పరుగందుకునేది. మా హార్మనీ వాడు చెమటలు కక్కేవాడు. ఇవన్నీ ఎలాగో సర్దుకున్నాం. నాలుగో ఆదివారానికి, అబద్ధం ఎందుకు, ఒళ్లు పులకరించింది. డప్పు దెబ్బ మీద నా తీగ పడుతుంటే ఆ గుట్టే పాడుతున్నట్టుంది. తాత కూడా కళ్లు మూసుకుని "భేష్" అన్నాడు. నాకే అన్నాడని నా నమ్మకం.

సర్దుకోనిది ఒక్కటే, ముగింపు.

ఆ ఊరేగింపు పాట తాత కట్టిందే. పల్లవి ఇది: "తలుపు మూయకు తండ్రీ, తొవ్వల మేమున్నం." మేమింకా దారిలోనే ఉన్నామని అర్థం. పెళ్లికైనా పండుగకైనా జనం నడిచి వచ్చి లోపల అడుగు పెట్టేటప్పుడు దీన్ని పాడేవారు. పాటగాళ్లు ముందు నడిచి ముందు లోపలికి పోతారు. కానీ చివరి మనిషి గడప దాటేదాకా పల్లవి తెగకూడదు. అది వాళ్ల కట్టుబాటు.

"పల్లవి, మూడు చరణాలు, మళ్లీ పల్లవి. పాస్టరుగారు లోపల ఆరాధన బల్ల దగ్గరికి చేరగానే నేను చెయ్యెత్తుతాను, అందరం ఒక్క దెబ్బతో ఆపేద్దాం," అన్నాను.

"ఆపుడేంది? జనం తొవ్వలనే ఉంటరు గద."

"వాళ్లు ఎప్పటికి వస్తారో ఎవరికి తెలుసండి?"

"వచ్చినప్పుడే వస్తరు. గప్పటిదాంక పాడుతం."

"పెద్దాయన ఒప్పుకోడండి. చాప పోతుంది."

తాత చాప వైపు చూశాడు. చాప చివర అవ్వ తాళాలు తుడుచుకుంటోంది. ఆమె ఏదో అనబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"సరే బిడ్డా. చాప ఉండాలె. నీ లెక్కనే కానీ. మాట ఇస్తున్న."

ఆ మాట తీసుకున్నందుకు నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఏళ్ల నాటి పాటకు ముగింపు నేర్పినవాణ్ణని గదిలో మిత్రులకు చెప్పుకున్నాను.

ప్రతిష్ఠ రోజు వచ్చింది. పట్నం పెద్దలు వచ్చారు. షెడ్డు దగ్గర ప్రార్థన చేసి కదిలాం. ముందు పాస్టరుగారు, పెద్దలు, వారి వెనక మేము, మా వెనక సంఘం. మట్టి బాట మీద ఎండ, దుమ్ము. తాత గొంతు ఆ రోజు ఎక్కడ నుంచి వచ్చిందో గానీ, బాట పక్క పొలాల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములు ఎత్తి చూశారు. మా ముగ్గురి వాయిద్యం ఒక్క చోట కూడా తప్పలేదు. పట్నం పెద్దల్లో ఒకాయన చేత్తో తాళం వేస్తూ నడిచాడు. సంఘ పెద్ద మాత్రం మా పక్కన లేడు. ఏర్పాట్లలో ఎక్కడో తిరుగుతున్నాడనుకున్నాను.

గడప దాటాం. పాస్టరుగారు బల్ల దగ్గరికి చేరారు. నేను చెయ్యెత్తాను.

ఇక్కడ నేను ఇన్నేళ్లూ చెప్పిన కథ ఇది. చెయ్యెత్తబోతూ వెనక్కి చూశాను, బాట మీద ఇంకా జనం కనబడ్డారు, వెంటనే నా బుద్ధికి తట్టి గిటారు ఆపకుండా పల్లవి అందుకున్నాను, నా వెనక డప్పు, డప్పు వెనక ఊరు. పాట బతికింది, చాప బతికింది.

అది సాగదీసిన కథ. నిజం రాస్తాను. నేను వెనక్కి చూడనే లేదు. చెయ్యెత్తాను, దించాను, ఒక్క దెబ్బతో ఆపాను. ఆపి, పట్నం పెద్దలు నా వైపు చూస్తున్నారా లేదా అని చూసుకుంటున్నాను. పాటను కాపాడింది నేను కాదు, తాత. మేము ముగ్గురం ఆగినా ఆయన డప్పు ఆగలేదు. మాట ఇచ్చిన మనిషి, అయినా కట్టుబాటు వదల్లేక కొడుతూనే ఉన్నాడు. ఆ డప్పు మీద పల్లవి మళ్లీ లేచింది. నేను సిగ్గుపడి తీగల మీద చెయ్యి వేశాను. ఎంతసేపు పాడామో తెలియదు. చివరికి తలుపు దగ్గర కదలిక ఆగింది, పాట కూడా ఆగింది.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద వచ్చాడు. బూట్లు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. వచ్చి, గోడ వారకు చుట్టి పెట్టిన చాప తానే తెచ్చి, అందరికంటే ముందు పరిచాడు.

"ఇది ఇక్కడే ఉండనివ్వండి," అన్నాడు. ఎందుకో చెప్పలేదు. గిటారు, డప్పు కలిసిన అందానికి ఆయన మనసు కరిగిందని నేను తేల్చుకున్నాను. తాత పోయేదాకా ఆ చాప మీద ఒక మూల నాకూ చోటు ఉండేది. మూడు స్వరమేళాలు ఐదయ్యాయి. ఊరి పిల్లను చేసుకున్నాను. అంతకు మించి నాకేం కావాలి?

ఇంతవరకు రాసి, గొప్పలు తగ్గించి ఎంత నిజాయితీగా రాశానో చూడమని మా ఆవిడకు ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. చదివి, కాగితాలు నా ఒళ్లో పడేసింది.

"ఏంది, తాత డప్పు ఆగలేదా? ఎవరు చెప్పిన్రు నీకు?"

"నేను పక్కనే ఉన్నానుగా!"

"నువ్వు పట్నపోళ్ల మొకాలు చూస్తున్నవ్. డప్పు గూడ ఆగింది. ఆయన నీకు మాట ఇచ్చిండు గద, ఇచ్చిన మాట మీదనే ఆపిండు. నేను బయట ఉన్న, ఎనకబడ్డ అవ్వ చెయ్యి పట్టుకొని. లోపటి నుంచి ఒక్క సప్పుడు లేదు. మా ఎనక ఎవరున్నరో తెలుసా? మీ సంఘ పెద్ద. షెడ్డుకు తాళమేసి ఉరికొస్తున్నడు. పాట తెగేసరికి తొవ్వ మీదనే నిలబడ్డడు. ఆయనకు గూడ ఎరుకే గద, పాట తెగినంక వచ్చేటోడు బయటోడని. అవ్వకు గడప గింత దూరం. దాటలే. ఎనక్కి తిరిగి ఆయన దిక్కు చూసి పల్లవి ఎత్తుకుంది. గా గొంతు ఇన్నంకనే తాత డప్పు లేపిండు. మీ పెద్దాయన ముందుగాల లోపలికి పోయిండు, ఆఖరుకు అవ్వ పోయింది. నీ గిటార్ ఆడ ఉందో లేదో నాకైతే యాదికి లేదు."