బొట్టు పెట్టిన మైకు

కాస్త దగ్గరకు జరిగి కూర్చోండి. నా గొంతు ఈ మధ్య దూరం పోవడం లేదు. పొద్దున్నుంచీ పనులు చేసి మీకూ ఒళ్లు అలిసే ఉంటుంది, కాళ్లు చాపుకొనే వినండి.

మా అక్కది వడమాలపేట. చుట్టుపక్కల ఎవరింట్లో పెండ్లి జరిగినా నలుగు పెట్టే వేళకు అక్క కోసం మనిషి వచ్చేవాడు. వియ్యపురాలిని ఆటపట్టించే పాటలైతే అక్క పాడాల్సిందే. ముక్కుపుడక దగ్గర మొదలుపెట్టి నడకా నవ్వూ ఏదీ వదిలేది కాదు. అన్ని మాటలు పడిన ఆ వియ్యపురాలే చివరికి అక్క తలలో పూలు పెట్టి పోయేది. ఆ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. మా అవ్వ నోట విని అక్క నేర్చుకున్నవి.

అలాంటి అక్కకు గొంతులో గడ్డ లేచింది. తిరుపతిలో ఆపరేషన్ చేయాలన్నారు. ప్రాణానికి భయం లేదు గానీ గొంతు మునుపటిలా ఉంటుందని మాట ఇవ్వలేమన్నారు. అక్క ఆ మాటకు తలూపి, ఇంటికొచ్చి బియ్యం కడిగింది. ఏడ్చింది ఆమె కూతురు. ఏడ్చి ముఖం కడుక్కొని, అమ్మ పాటలన్నీ పట్టి పెట్టాలని ఒక మైకు తెప్పించింది.

ఆసుపత్రిలో చేరే ముందురోజు నేను పూతలపట్టు నుంచి బస్సులు మారి పోయేసరికి మిట్టమధ్యాహ్నం. లోపలి గది గోడలకు బొంతలు వేలాడుతున్నాయి. కిటికీకి పరుపు ఆనించి ఉంది. ఫ్యాను ఆపేసి ఉంది.

“ఏమే, నన్ను ఉడకేసి పాట పిండుకుంటావా?” అంటోంది అక్క.

“ఇది కండెన్సర్ మైకుమా. ఫ్యాను సద్దు కూడా పట్టేస్తాది. కొంచేపు ఓర్సుకో.”

గుడి మైకులా చేత్తో పట్టుకునేది కాదది. లావుపాటి గొట్టంలా నిలబడి, పైన సన్నటి ఇనుప జాలీతో ఉంది. దాని వైరు ఒక చిన్న పెట్టెలోకి, పెట్టె నుంచి కంప్యూటర్‌లోకి. పెట్టె మీద మీట నొక్కితేనే మైకుకు కరెంటు అందుతుందట. నొక్కకపోతే అది చెవిటిదే.

గ్రైండరైనా స్కూటరైనా, కొత్త వస్తువును బొట్టు పెట్టకుండా మా ఇళ్లలో వాడరు. అక్క పసుపూ కుంకుమా తెచ్చింది. మైకుకు ఒక పక్క గుండ్రంగా ఏదో గుర్తు ఉంది. “ఈడ ఏందో ముద్ర ఉండాది, చెరపకూడదు” అని రెండో పక్కకు తిప్పి, నున్నగా ఉన్నచోట బొట్టు పెట్టింది.

“జాలీకి తగలనీకుమా” అని మాత్రం అన్నది కూతురు.

పై కొన దగ్గర కాదు, పక్క నుంచి పాడాలని ఆ పిల్ల వీడియోలు చూసి తెలుసుకుంది. ఏ పక్క అన్నది ఆలోచించలేదు. బొట్టు ఉన్నది ముఖం కాక వీపవుతుందా? బొట్టును అక్క వైపు తిప్పి స్టాండుకు బిగించింది. ఊపిరి గట్టిగా తగలకుండా కుట్టుపని రింగుకు పాత వాయిల్ చీర ముక్క బిగించి మధ్యన అడ్డం పెట్టింది.

“సిన్నమ్మా, నువ్వు వసారాలో కూర్సో” అన్నది నన్ను.

“ఒంటిగా పాడేదానికి ఇదేమన్నా ఏడుపా? వంత లేకుంటే నాకు రెండో మాట రాదు” అన్నది అక్క.

మా పాటల పద్ధతే అంత. ఒకరు ఎత్తుకుంటారు, ఇంకొకరు అందుకుంటారు. ఆ అందుకునే వ్యవధిలోనే ఎత్తుకునే మనిషి ఊపిరి తీసుకొని తర్వాతి మాట తెచ్చుకుంటుంది. చివరికి ఆ పిల్ల నన్ను మైకుకు అవతల, అక్కకు ఎదురుగా కూర్చోబెట్టి, మెల్లగా అనమన్నది.

అక్క పాడింది. వేడినీళ్లు గుక్క వేసుకుంటూ, గొంతు పట్టుకుంటూ పాడింది. కూతురు కంప్యూటర్‌లో లేస్తున్న గీతలు చూసి, “బాగా పడతా ఉండాదిమా” అంటూ ఉంది. చెమటకు మా చీరలు వీపుకు అంటుకున్నాయి. అప్పగింతల పాట సగంలో అక్క గొంతు జీరపోయింది. చాలని చెయ్యి ఊపి గోడకు ఒరిగింది.

అప్పుడు పెట్టి విన్నాం. నా వంత గంటలా మోగుతోంది. నా ఆయాసం కూడా వినబడుతోంది. అక్క గొంతు మాత్రం బావిలో నుంచి వచ్చినట్టుంది. పిల్ల ఫోన్‌లో వెతికి, మైకును తిప్పి చూసి, తల పట్టుకుంది.

“ఆ గుర్తుండే పక్కే ముఖమంట సిన్నమ్మా. అమ్మ దాని వీపుకు పాడింది.”

పిల్ల మైకు తిప్పి బిగించి, “ఇంకొక్కటి పాడతావామా?” అని అడిగింది. అక్క నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. తెల్లారితే ఆసుపత్రి.

కాసేపటికి నీళ్లు తాగి, గుసగుసగా అన్నది: “దాని ముఖం యాడుందో నాకేం తెలుసు. పోనీలే మే. తిట్లన్నీ నీ గొంతుతో పడినాయి. ఇంక వియ్యపురాళ్లు నీమీదికే వస్తారు.” నవ్వబోయి దగ్గింది.

గడ్డ పోయింది. గొంతూ పోయింది. ఇప్పుడు అక్క మాట్లాడితే చెవి దగ్గర పెట్టి వినాలి. ఆ రోజు పట్టిన దాంట్లో అక్కను పెంచితే నేను అరుస్తాను, నన్ను తగ్గిస్తే అక్క మాయమవుతుంది. అందుకని ఆ పిల్ల నన్ను పాడమంటుంది. నాకు మోకాళ్లు నొప్పి, బస్సులు పడవు, అక్కలో సగం గొంతు కూడా లేదు. అయినా పోతున్నాను.

ఆ బొట్టును పిల్ల తుడవనివ్వలేదు. మైకు ముఖం ఇప్పుడు నా వైపు. బొట్టు వైపు అక్క కూర్చుంటుంది. తొడ మీద తాళం వేస్తూ, పెదవులతో మాట ఎత్తుకుంటుంది. ఆ పెదవులు చూసి నేను అందుకుంటాను. తప్పితే వేలు పైకి లేస్తుంది, మళ్లీ మొదటికి పోతాం. వినేవాళ్లకు నా గొంతొక్కటే వినబడుతుంది. నేను మాత్రం ఇప్పటికీ వంతే పాడుతున్నాను.

అలిసిపోయారు, ఇంక లేవండి. మీ ఇంట ఎత్తుకునే గొంతు చల్లగా ఉండాలి, అందుకునే గొంతు పక్కనే ఉండాలి. మీ పొయ్యి మీద అన్నం, మీ నోట పాట ఏనాడూ తరగకూడదు.