తెగిన పోగులు అతికిన రోజు

మొన్న హిందూపురంలో మా వీధి చివరి దుకాణానికి తెల్లరంగు వేస్తున్నారు. ఆ పచ్చి రంగు వాసన తగలగానే పెనుకొండ చిత్రశాల, మార్త మేడం గుర్తుకొచ్చారు. ప్రదర్శన మారినప్పుడల్లా అక్కడి గోడలకు మళ్లీ తెల్లరంగు పడేది. ఆ ప్రభుత్వ చిత్రశాలకు ఆవిడ అధికారి, నేను సహాయకురాలిని. ఏడాది పొడవునా ఈ కాలపు కళాకారుల కళాఖండాలు ఒకరి తర్వాత ఒకరివి పెట్టాలని ఆవిడ పూనుకున్నప్పుడు, ఈ ఊళ్లో ఎవరు చూస్తారని నవ్వినవాళ్లే ఎక్కువ. మొదటి ప్రదర్శనకు గొర్రెలు కాసే ఒక అవ్వ వాకిట్లో ఆగి, "టికెట్టు ఉండాదా తల్లీ?" అని అడిగింది. "లేదవ్వా, లోపలికి రా. నీకేం కనపడతాందో చెప్పు" అన్నారు మేడం. నల్లగీతలు నిండిన పెద్ద పటం ముందు అవ్వ చాలాసేపు నిలబడి, "వాన రాని మోడం మాదిరి ఉండాది" అంది. మేడం కూడా ఆ నల్లమబ్బు వైపు చూసి తలూపారు. సరిదిద్దలేదు.

మూడో ప్రదర్శన ధర్మవరం చిత్రకారుడిది. మగ్గం మీద సాగదీసే పడుగు పోగులను పైకప్పు నుంచి నేల దాకా వేలాడదీసి, ఆయన ఊరికి వెళ్లిపోయాడు. మర్నాడే ప్రారంభం. మధ్యాహ్నం మేడం మీటింగుకు వెళ్లారు. చూస్తే చాలా పోగులు నడిమికి తెగి ఉన్నాయి. నేనూ ధర్మవరం నేతవాళ్ల ఇంటి పిల్లనే. తెచ్చేటప్పుడు తెగాయనుకుని, ఒక్కొక్కటీ వెతికి ముడివేసి అతికేశాను. నాయన చూస్తే మెచ్చుకుంటాడని కూడా అనుకున్నాను.

మేడం తిరిగొచ్చి చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. "ఎవరమ్మా ఇవి కట్టింది?"

"నేనే మేడం. వ్యాన్‌లో తెగినాయనుకున్నా."

"తెగినట్టే ఉండల్ల. ఆయప్ప చేసిన పనే అది."

ఉద్యోగం పోతుందనుకున్నాను. కంటిచూపు తగ్గి మగ్గం దిగిన నాయనకు నా జీతమే ఆధారం. "ఆయప్ప వచ్చేలోపల తీసేస్తా మేడం. ఎవరికీ తెలీదు" అన్నాను. ఆవిడ ఫోన్ తీసి, నా ఎదుటే ఆయనకు జరిగిందంతా చెప్పారు. "చేసింది మా పిల్లే. ముందే చూపించి చెప్పకపోవడం నా తప్పు." ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి, "దాచిపెడితే రేపు ఆయప్ప ముఖం ఎట్ల చూస్తావు?" అన్నారు.

ఆయన పొద్దున్నే వచ్చాడు. ముఖం గంటు పెట్టుకునే లోపలికి వచ్చి, ముడుల మీద వేలు నడిపి, "ఎవరు నేర్పినారు?" అని అడిగాడు. మా నాయన అన్నాను. "మా నాయనా ఇట్లే కట్టేటోడు. ఆయన పోయినాక మగ్గం అమ్మేసినాం. అదే చెప్పల్లనుకున్నా. ఈ ముడులు కత్తిరించల్ల." ముగ్గురం నేల మీద కూర్చుని ప్రతి ముడినీ కత్తెరతో తీసేశాం. నేను తొందరపడుతుంటే మేడం, "నిదానం" అన్నారు, అంతే.

ఆ రోజు ధర్మవరం నుంచి నేతగాళ్లు చాలామంది వచ్చారు. మొదట వచ్చిన పెద్దాయన పోగుల ముందు నిలబడి, తెలియకుండానే రెండు కొసలు దగ్గరకు పట్టుకున్నాడు. ఆ వెనకాయన చెయ్యీ అట్లాగే పోయింది. "ఏమప్పా, ఇట్లా తెగిపోయి ఉండాయే, చూసుకోలేదా?" అని మూడో మనిషి చిత్రకారుడినే నిలదీశాడు. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. మేడం నా భుజం తట్టి, "నువ్వొక్కదానివే కాదులేమ్మా" అన్నారు. అప్పుడు నాకూ నవ్వొచ్చింది.

ఇప్పుడు నేను బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను. నా చేతిలో ఏదైనా చెడితే ఎవరూ అడగకముందే నేనే ఫోన్ చేస్తాను. భయం లేక కాదు. అవతలివాళ్లు కోప్పడతారు కూడా. చెప్పేశాక మాత్రం ఇంటికి పోయి కడుపునిండా అన్నం తింటాను.