అప్రూవ్డ్ శాంపిల్

దోహాలో నా ఉద్యోగం వచ్చిన సరుకు మంచిదో కాదో చూడడం. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు వచ్చేవాళ్ళ కోసం అల్ తుమామాలో మా కంపెనీ వసతి భవనాలు కడుతుండేది. లారీలోంచి ఏ టైల్స్ దిగినా, ఇంజనీర్లు ముందే ఒప్పుకుని సైటు ఆఫీసు బీరువాలో దాచిన అప్రూవ్డ్ శాంపిల్ పక్కన పెట్టి చూడాలి. రంగు, మందం, అంచు కలిస్తే పచ్చ స్టిక్కర్. కలవకపోతే ఎర్ర స్టిక్కర్, లారీ వెనక్కి. ఎందుకు కలవలేదని ఆలోచించడం నా పని కాదు. ఆ పని నాకంటే బాగా చేసేవాడు లేడని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ పొగరును ఇంటికి కూడా తెచ్చుకున్నాను. అల్ ముంతజాలో నేనూ మా బావమరిదీ ఒకే గదిలో ఉండేవాళ్ళం. వాడు సిగరెట్లు మానడానికని, ఆవిరి పీల్చే వేప్ మొదలుపెట్టాడు. లోపలి ద్రవం అయిపోయేదాకా ఛార్జింగ్ పెట్టుకుని వాడి, తర్వాత పారేసే రకం. ఖతార్‌లో వాటి అమ్మకం నిషేధం కాబట్టి ఎవరో ఒకరి సూట్‌కేసులో రావాల్సిందే. అలా వచ్చేవాటిలో నకిలీలు ఎక్కువ. కొన్ని పేలతాయని కూడా విన్నాం. మా ఆవిడ భీమవరం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, "తమ్ముణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండండి" అనేది.

నేనూ నా పద్ధతిలో కనిపెట్టుకునే ఉన్నాను. వాడికి దొరికిన మొదటి పెట్టె మీది కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే, ఇది అసలైన వస్తువు అంటూ పచ్చ టిక్కుతో ఒక పేజీ తెరుచుకుంది. ఇంకేం, అది నా అప్రూవ్డ్ శాంపిల్ అయి కూర్చుంది. వాడకముందే దాని బరువు రాసుకుని, వాడడం అయిపోయాక కూడా పారెయ్యకుండా పెట్టెతో సహా వంటగదిలో దాచాను. ఆ తర్వాత బిల్డింగులో ఎవరికి కొత్తది వచ్చినా నా దగ్గరకే తెచ్చేవారు. వంటింటి కాటా మీద తూచి, పెట్టె మీది అచ్చు, సీలు, నోట్లో పెట్టుకునే కొస, పీల్చినప్పుడు వెలిగే లైటు శాంపిల్‌తో పోల్చి తీర్పు చెప్పేవాణ్ణి.

మా సైటు బస్సు డ్రైవర్‌ది జగిత్యాల వైపు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. అక్కడ వారపు సెలవైన ఒక శుక్రవారం మేం చర్చి నుంచి వచ్చి, స్నేహితులతో భోజనానికి కూర్చోబోతుంటే ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులోంచి చిన్న పెట్టె తీసి రెండు చేతులతో నాకిచ్చాడు.

"మా తమ్ముడు దుబాయ్‌ల ఉంటడు సార్. బోరు మోటర్ కాడ లొల్లి అయినప్పటి సంది మా ఇద్దరికి మాటల్లేవు. నేను సిగరెట్ బంద్ జెయ్యాల్నని చూస్తున్ననని ఎవలో చెప్పిండ్రట, ఇది కొని పంపిండు. నిన్న ఫోన్ గూడ జేసిండు. జర చూసి చెప్పున్రి" అన్నాడు. చెబుతున్నంతసేపూ ఆయన మొహం వెలిగిపోతూనే ఉంది.

"సంతోషం అన్నా" అనైనా అనలేదు నేను. కాటా తెమ్మని మా బావమరిదిని కేకేశాను. తూస్తే బరువు ఎక్కువ. అక్షరాలు సన్నం. కొస ఆకారమే వేరు.

"దీని మీద కూడా కోడ్ ఉంది కదా బావా, స్కాన్ చేసి చూద్దాం" అన్నాడు మా వాడు.

"శాంపిల్‌తోనే కలవనప్పుడు ఇంకా టెస్టులెందుకురా?" అని కసిరాను. సైటులో పద్ధతి అదే. అందరూ చూస్తుండగా బ్యాగులోంచి ఎర్ర స్టిక్కర్ తీసి పెట్టె మీద అంటించాను. "నకిలీదన్నా. పేలితే మూతి కాలుద్ది. మీ తమ్ముడు చవకరకం ఏదో మీకు అంటగట్టాడు" అన్నాను.

ఆ చివరి మాట ఎవరడిగారు నన్ను? పక్కనున్నవాళ్ళు నవ్వుతారని అన్నాను. నవ్వారు కూడా.

"మా తమ్ముడు గట్ల జెయ్యడు సార్" అన్నాడాయన మెల్లగా. భోంచేసి వెళ్ళమంటే ఆగలేదు.

కొన్నాళ్ళకు మా బావమరిది, నేను పాస్ చేసిన వేప్ ఒకటి ఛార్జింగ్ పెట్టి అన్నం తింటున్నాడు. ముందు ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చింది. చూస్తుండగానే అది ఉబ్బి, బుస్సుమని పొగ కక్కింది. వాడు వైరు పీకి, దాన్ని చేత్తోనే పట్టుకుని సింకులో విసిరేశాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. చెయ్యి కుళాయి కింద పెట్టుకుని నా వంక చూశాడు. అక్క మొగుణ్ణి, ఏమంటాడు?

మంట తగ్గాక, ఎడం చేత్తో ఫోన్ తీసి తయారీ కంపెనీ పేరు తనే టైప్ చేశాడు. నకిలీలను ఎలా గుర్తుపట్టాలో వాళ్ళు ఫొటోలతో పెట్టారు. ఇంటూ గుర్తు కింద ఉన్నది అచ్చం నా శాంపిల్. టిక్కు కింద ఉన్నది డ్రైవరన్న తెచ్చిన పెట్టె, ఆ సన్నటి అక్షరాలతో సహా. మా పెట్టె మీది కోడ్ మమ్మల్ని తీసుకెళ్ళింది కంపెనీ పేజీకి కానే కాదు. దొంగ పెట్టె చేసినవాడే, అది అసలుదని చెప్పే పేజీ కూడా చేసి పెట్టుకున్నాడు. నేను నకిలీని శాంపిల్‌గా పెట్టుకుని, దానితో కలిసిన నకిలీలన్నిటినీ పాస్ చేశాను. అసలుది ఒక్కటి వస్తే ఎర్ర స్టిక్కర్ వేసి పంపాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు డ్యూటీ దిగగానే బస్సు దగ్గరకు వెళ్ళాను. ఆయన అద్దాలు తుడుస్తున్నాడు. "అన్నా, మీ తమ్ముడు పంపింది అసలుదే. తప్పు నాది" అని చెప్పేశాను.

ఆయన తుడవడం ఆపాడు. "ఆ దినమే ఆనికి ఫోన్ జేసిన సార్. నన్ను గూడ మోసం జేస్తవారా అని అడిగిన. లొల్లి నాడు గూడ అనని మాటలన్న. బిల్లు చూపిస్త అన్నా అని మొత్తుకున్నడు. నేనే ఇనలే. ఇప్పుడు జేస్తే ఎత్తుతలేడు."

నెంబరు అడిగి నా ఫోన్ నుంచి చేశాను. ఆయనకూ వినబడాలని స్పీకర్ పెట్టాను. కొత్త నెంబరు కాబట్టి కాబోలు, తమ్ముడు ఎత్తాడు. "ఎవలు?" అన్నాడు.

"మీ అన్న చేత మిమ్మల్ని తిట్టించినవాణ్ణి" అన్నాను. జరిగిందంతా చెప్పి, క్షమించమన్నాను.

"మీ మీద నాకేం కోపం లేదు సార్" అన్నాడు. "మీరెవలో నాకు తెల్వది, నేనెవలో మీకు తెల్వది. మా అన్నకైతే తెలుసు గద?"

ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

డ్రైవరన్న గుడ్డ మడిచి సీటు కింద పెట్టి, "యల్లా సార్, ఎక్కున్రి. టైమైతుంది" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. నేను రోజూ కూర్చునే ముందు సీటు ఖాళీగానే ఉంది. అద్దంలో ఆయన కళ్ళు నాకు ఎదురుపడకుండా, వెళ్ళి అన్నిటికంటే వెనక కూర్చున్నాను.