నేను రాసిన ‘ఏమీ లేదు’

ఆ మాట పడవ మావ అనలేదు. నేను రాశాను.

కొన్నేళ్ల కిందట, కొత్త రేవు కట్టే ముందు సముద్రపు అడుగును పరిశీలించే జట్టులో నాకు తాత్కాలిక ఉద్యోగం. శ్రీకాకుళం తీరంలో ఒక పెద్దవయసు మత్స్యకారుడి పడవ మాట్లాడుకున్నాం. నేను మావా అంటే ఆయన అల్లుడూ అనేవాడు. ఇనుప దోసిలిలాంటి పరికరాన్ని తాడుతో దించితే అడుగున ఉన్నది పట్టుకొచ్చేది. బురద, ఇసుక, గులకరాళ్లు, పెంకుముక్కలు కలిసిన నల్లటి ముద్ద. దాన్ని జల్లెడలో పోసి కడగడం నా పని.

కడిగాక గులకరాళ్ల మధ్య మిగిలేవన్నీ ప్రాణులే. తాము కట్టుకున్న మట్టి గొట్టాల్లోంచి తలలు చాపే పురుగులు, ఎర్రదారాల్లా మెలికలు తిరిగేవి, గోరంత ఆల్చిప్పలు, పట్టుకుంటే తమ చేయి తామే తెంపుకుని పోయే సన్నటి నక్షత్ర చేపలు.

నేను నింపాల్సిన కాగితంలో స్థానిక మత్స్యకారుల అభిప్రాయానికి ఒక గడి ఉంది. ఇక్కడ అడుగున ఏముంటుందని అడిగాను.

“ఏటుంటాది అల్లుడూ, పురుగులే,” అని నవ్వాడు. “మీ సేనుకి పురుగు పడితే మీరేడుస్తారు. ఇక్కడ పురుగు నేపోతే మేమేడుస్తాం. సేప దీనికోసమే వస్తాది.”

మాది చీపురుపల్లి దగ్గర రైతు కుటుంబం. పురుగంటే మందు కొట్టాల్సిందనే తెలుసు. పైగా పడవ ఊపు పడక, ఒడ్డుకు పోవాలని తొందర. ‘ఏమీ లేదు, పురుగులే’ అని రాశాను. ఆయన చదవకుండా సంతకం పెట్టాడు. ఆ చోటి మన్నును పరీక్షకు పంపే సీసాలో పెట్టకుండా నీళ్లలోకి వంచేశాను. ఆ కాగితాన్ని నివేదికలోకి ఎక్కించేటప్పుడు ‘పురుగులే’ కూడా తీసేశాను.

రేవు తవ్విన మట్టి పోయడానికి ఆ చోటునే ఎంచారు. మీ మనిషే ఏమీ లేదన్నాడని ఊరి సభలో అధికారులు చదివి వినిపించారు. మట్టి పడ్డాక అక్కడ వలకు చేప తగలడం మానేసింది. ఊళ్లో ఆయనకు ‘ఏటీనేదు’ అని పేరు పడింది. పడవ తోస్తుంటే, ఏటీ లేని చోటుకి ఎందుకెళ్తున్నావని వెనకనుంచి అడిగేవారట.

మొన్న వేసవిలో వెళ్లి, వలలు బాగుచేసుకుంటున్న నలుగురి ముందు తప్పు నాదని చెప్పాను. తప్పు దిద్దమని ఆఫీసుకు రాస్తే జవాబు రాలేదనీ చెప్పాను. ఒకాయన తలెత్తకుండా, సంతకం ఎవరిదని అడిగాడు.

మావ నన్ను పక్కకు పిలిచాడు. తిడతాడనుకున్నాను.

“నానే అన్నానేమో బాబూ. ఇంతమంది అంటన్నారు. నాకూ అన్నట్టే గుర్తొస్తంది.”

“నువ్వనలేదు మావా,” అని, ఆ రోజు ఆయన పడవలో అన్నదంతా పొల్లుపోకుండా చెప్పాను. ఎవరి మాటలో వింటున్నట్టు విన్నాడు.

“అంత తెలివైన మాట నానెందుకంటాను?” అన్నాడు.