వించ్‌తో లాగిన హద్దు రాయి

నవ్వుకోండి, పర్లేదు. ఆదివారం పొద్దున మీరంతా వినుకొండ కొండ కింద బళ్ళు ఆపుకుని, "ఏరా కోటీ, ఎక్కడున్నావ్, టిఫిన్లు చల్లారిపోతున్నాయి" అని ఫోన్ల మీద ఫోన్లు చేశారే, సరిగ్గా ఆ టైముకి నేను మా పెదనాన్న కొడుకు పొలం హద్దు రాయిని ఇనప తాడుతో కట్టి ఈడుస్తూ పట్టుబడ్డాను. దొంగతనం కాదు మహాప్రభో. ట్రైల్ రైడింగ్!

అసలు తప్పు గుంటూరు షోరూంలోనే జరిగింది. ఫోన్లో ఆ ట్రైల్ రైడింగ్ వీడియోలు, అదే, అడవిదారుల్లో కొండదారుల్లో బళ్ళు తోలేవి, చూసీ చూసీ నాకు ఆ ఏటీవీ పిచ్చి పట్టిందని మీకు తెలుసు కదా. నాలుగు లావుపాటి చక్రాలు. కొండలెక్కుతాయి, వాగులు దాటుతాయి, ఎర్ర హెల్మెట్ పెట్టుకున్నవాడు మన వైపు చెయ్యి ఊపుతాడు. ఇంట్లో మాత్రం "పొలానికి పనికొస్తుంది, మందు డబ్బాలు మోస్తుంది, మిరపకాయ టిక్కీ బస్తాలు మోస్తుంది" అని చెప్పాను. మా ఆవిడ పద్మ నమ్మలేదు. నమ్మకపోయినా షోరూంకి వచ్చింది, నేను పెద్దది కొనకుండా కాపలా కాయడానికి.

సేల్స్‌మన్ మూడు బళ్ళు చూపించాడు. ఒకటి ట్రాక్టరుకి తమ్ముడిలా ఉంది. ఇంకోదానికి రెండు చక్రాలకే పవర్. మూడోది చిన్నది, తేలిక, ఫోర్ వీల్ డ్రైవ్, వెనకాల సామాను పెట్టుకునే కేరియర్. "చిన్నదే తీసుకో, దిగబడినా నలుగురు పట్టి లేపొచ్చు" అంది పద్మ. ఆ రోజు షోరూంలో మా ఇద్దరిలో తెలివిగా మాట్లాడింది ఆవిడొక్కతే.

చిన్నదే ఖాయం చేశాం. అప్పుడడిగాడు సేల్స్‌మన్, "సార్, ఆఫర్లో బురద టైర్లు కావాలా, వించ్ కావాలా? రెండిట్లో ఒకటే ఫ్రీ." వించ్ అంటే బండి ముందు బిగించే చిన్న మోటారు. దానికి ఇనప తాడు చుట్టి ఉంటుంది. బండి దిగబడితే తాడు కొస తీసుకెళ్ళి దేనికైనా కట్టి బటన్ నొక్కాలి. తాడు చుట్టుకుంటూ ఉంటే బండి దానంతటదే బయటికొస్తుంది. వీడియోల్లో అదే హీరో!

"మీది నల్లరేగడి అంటున్నారు కదండీ, టైర్లే తీసుకోండి" అన్నాడు పాపం. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. నల్లరేగడిలో పుట్టి పెరిగినవాణ్ణి, ఏసీ గదిలో టై కట్టుకున్నవాడు నాకు బురద గురించి చెబుతాడా? "వించే పెట్టు" అన్నాను.

ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ బండికి రిజిస్ట్రేషన్ ఉండదు, రోడ్డెక్కించకూడదు. అందుకే ఆదివారం తారు రోడ్డు వదిలేసి, పొలాల మధ్య డొంక దారిన కొండకి బయల్దేరాను. శనివారం సాయంత్రమే వాన పడింది. వాన పడ్డ మర్నాడు మా డొంకలో ఎవరూ చక్రం పెట్టరు. ఎద్దుబండి కూడా దింపరు. చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నదే. అయినా ఫోర్ వీల్ డ్రైవ్ కదా!

అర కిలోమీటరు రాజాలా వెళ్ళాను. ఆ తర్వాత మట్టి టైర్లకి పట్టడం మొదలెట్టింది. నాలుగు చుట్లు తిరిగేసరికి టైర్లు లేవు, నాలుగు మట్టి ముద్దలున్నాయి. ఇంకాస్త యాక్సిలరేటర్ ఇచ్చాను. రెండు చక్రాల పవర్ అయితే రెండే దిగేవి. మనది ఫోర్ వీల్ కాబట్టి నాలుగూ సమానంగా దిగాయి.

గడ్డి మోపులతో ఎదురొస్తున్న ఆడవాళ్ళు నలుగురు ఆగి చూశారు. "ఏంది బాబాయ్, బండి కూర్చుందా?" అంది ఒకామె.

"పట్టమంటావా? చిన్నదేగా, లేసుద్ది" అంది ఇంకొకామె, మోపు దించబోతూ.

పట్టమంటే అయిపోయేది! ఆ ఒక్క మాట నా నోట్లోంచి వచ్చి ఉంటే ఇవాళ ఈ కథ లేదు. "మీరెళ్ళండమ్మా, దీనికి వించ్ ఉంది" అన్నాను.

వాళ్ళు వెళ్ళాక తాడు పట్టుకుని దిగాను. మోకాలి దాకా బురద. ఇప్పుడు దేనికి కట్టాలి? వీడియోల్లో అడుగడుక్కీ ఒక మాను ఉంటుంది. మా డొంకలో అటు చూస్తే పత్తి, ఇటు చూస్తే మిరప. నడుముకి మించిన మొక్క లేదు. ఎదురుగా, బసవయ్య అన్నయ్య పొలం అయిపోయి నాది మొదలయ్యే చోట, హద్దు రాయి ఒక్కటే కనపడింది.

ఆ రాయి సంగతి మీకు కొంత తెలుసు. మూరెడు గట్టు కోసం నేనూ మా పెదనాన్న కొడుకు బసవయ్య అన్నయ్యా ఎనిమిదేళ్ళు మాట్లాడుకోలేదు. ఒకే ఇంటిపేరు, ఒకే వీధి. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవాళ్ళం. పోయిన వేసవిలో సర్వేయరు వచ్చి కొలిచి రాయి పాతించాడు. రాయికి పసుపు రాసి, ఇద్దరం గట్టు మీదే కూర్చుని ఒకే పొట్లంలో పకోడీలు తిన్నాం. నా బోరు ఎండిపోయిందని విని, "మిరపకి నా నీళ్ళు పెట్టుకోరా" అని తనే అన్నాడు. ఒక్క వానకి మిరప గట్టెక్కదు. ఈ ఏడు నా పంటకి ఆ నీళ్ళే దిక్కు.

అంత లోతుగా పాతిన రాయి కదలదులే అనుకున్నాను. కట్టాను. వెనక్కొచ్చి బటన్ నొక్కాను. మోటారు గుర్రుమంది, తాడు బిగిసింది. బండి అంగుళం కదల్లేదు. రాయి మాత్రం పుచ్చుపన్నులా ఊడి, బురదలో జారుకుంటూ నా వైపు బయల్దేరింది! కంగారులో ఆపే బటన్ ఏదో మర్చిపోయాను. ఆగేసరికి రాయి అన్నయ్య పొలం వెంబడి పది అడుగులు వచ్చేసింది. అంటే నా పొలం పది అడుగులు పెరిగిందన్నమాట.

తలెత్తితే అన్నయ్య. చేతిలో చెప్పులు.

"ఏం చేస్తన్నావురా?"

"ట్రైల్ రైడింగ్ అన్నయ్యా."

"ఏందీ?"

"బండి దిగబడితే లాగుతున్నా."

"బండి దిగబడితే బండిని లాగుతారు. రాయిని లాగుతావేందిరా?"

"రాయి దానంతటదే వచ్చింది అన్నయ్యా."

ఆ మాట అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు. "మూరెడు కోసం ఎనిమిదేళ్ళు కొట్లాడావు. నీళ్ళిస్తానని మెత్తగా మాట్లాడేసరికి ఇప్పుడు మోటారే పెట్టావా?" అన్నాడు. అరవలేదు. మామూలుగా పొలంలో పలికితే ఊళ్ళోకి వినపడే మనిషి.

వెంటనే పాతేద్దామని రాయిని దొర్లించుకుంటూ వెళ్ళాను. గుంట ఏది? బురద పూడి ఎక్కడుండేదో ఆనవాలు లేదు. నేను ఇక్కడన్నాను. ఆయన కాదు, అక్కడన్నాడు. మాటా మాటా పెరిగింది. నిజం చెబుతున్నాను, మీ దగ్గర దాచేదేముంది, నేను చూపించిన చోటు నాకు ఓ జానెడు లాభంగానే ఉంది. కావాలని కాదు. చెయ్యి అటే వెళ్ళింది! ఇంటికొచ్చాక తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం పెద్దమనుషులు కూర్చున్నారు. సర్వేయరు వచ్చేదాకా రాయినీ బండినీ ఎవరూ ముట్టుకోకూడదన్నారు. బురద ఆరి గట్టిపడింది. బండి ఇప్పుడు సిమెంటులో పోసినట్టుంది. మొన్న షోరూం వాళ్ళు ఫోన్ చేసి, "సార్, పెర్ఫార్మెన్స్ ఎలా ఉంది?" అని అడిగారు. వించ్ బ్రహ్మాండంగా పనిచేస్తోందని చెప్పాను.

అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. మళ్ళీ ఎనిమిదేళ్ళో, ఎన్నేళ్ళో. తప్పు నాదేనని చెబుదామని రెండుసార్లు వాళ్ళ అరుగు దాకా వెళ్ళాను. లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. చివరికి పద్మే వెళ్ళింది. ఏం మాట్లాడిందో ఏమో, నీళ్ళిస్తానన్నాడు, పంట మొహం చూసి. కాకపోతే ఒక షరతు: "తడి పెట్టేటప్పుడు వాడు పొలం ఛాయలకి రాకూడదు." వాడంటే నేనే.

అందుకే ఇవాళ పొద్దున్నే పద్మ పార భుజాన వేసుకుని పొలానికి బయల్దేరింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. వీధి మలుపు దాకా వెళ్ళినదల్లా ఏదో అనుమానం వచ్చినట్టు ఆగి, వెనక్కి తిరిగి అరిచింది:

"ఏమయ్యా, నేనొచ్చేదాకా ఏదీ లాగబాక!"